కరెంట్ పెట్టించుకునే వాళ్ళకి పుట్టగొడుగుల పొడి గురించి మీరే చెప్పండి: ఉత్తరాంధ్ర క్యాన్సర్ డాక్టర్లకి, ఆరోగ్య శాఖ అధికారులకి ఒక బహిరంగ లేఖ

ఉత్తరాంధ్ర క్యాన్సర్ డాక్టర్లందరికీ, శ్రీకాకుళం విజయనగరం జిల్లాల ఆరోగ్య శాఖ, ఫుడ్ సేఫ్టీ, డ్రగ్ కంట్రోల్ అధికారులకి నమస్కారం.

మీ మీద ఎంత ఒత్తిడి ఉందో నాకు తెలుసు, ఏడు వారాలు ఆస్పత్రి వరండాలో కూర్చున్నదాన్ని, కళ్ళారా చూశాను. అందుకే ముందు మామూలు దారిలోనే వచ్చాను. కరెంట్, అంటే క్యాన్సర్‌కి ఇచ్చే రేడియేషన్ చికిత్స, పెట్టించుకునే వాళ్ళకి అవయవాలు కాపాడుతుందని చెప్పి డబ్బాల్లో అమ్మే పుట్టగొడుగుల పొడి మీద పోయిన సంవత్సరం ఒక ఆఫీసులో రెండు సార్లు అర్జీ పెట్టాను. మొదటిదానికి ఏ జవాబూ రాలేదు. రెండోదానికి ఫోన్‌కి ఒక మెసేజ్ వచ్చింది, మీ సమస్య పరిష్కరించబడింది అని. ఎవరు పరిష్కరించారో ఏం పరిష్కరించారో ఇప్పటికీ నాకు తెలీదు, ఆ పొడి మాత్రం మా మండలంలో ఇంకా అమ్ముతూనే ఉన్నారు. అందుకే ఇలా అందరూ చదివేలాగ రాస్తున్నాను.

నేను రణస్థలం దగ్గర ఒక ఊళ్ళో పుట్టగొడుగులు పెంచుతాను. మా వైపు పెద్దవాళ్ళు పుట్టకొక్కులు అంటారు. వరిగడ్డి రెండంగుళాల ముక్కలు కోసి, రాత్రంతా నానబెట్టి, వేడినీళ్ళలో ఉడికించి, ఆరబెట్టి, కవర్లలో గడ్డి ఒక వరస విత్తనం ఒక వరస వేసుకుంటూ నింపి చీకటి గదిలో వేలాడదీస్తాం. ఇరవై రోజులకి కవరంతా తెల్లగా బూజు లాంటి పుట్టగొడుగు దారాలు అల్లుకుంటాయి, అప్పుడు బ్లేడుతో గాట్లు పెట్టి నీళ్ళు చల్లితే నాలుగైదు రోజుల్లో గుత్తులు గుత్తులుగా బయటకొస్తాయి. చలికాలం ఆయిస్టర్, ఎండాకాలం పాల పుట్టగొడుగు. ఇదే నా బతుకు. ఇది ముందే ఎందుకు చెప్తున్నానంటే, నేను పుట్టగొడుగులకి వ్యతిరేకిని కాదు, ఈ లేఖ చదివి నా సరుకే ఎవరూ కొనకపోయినా నష్టపోయేది నేనే.

మా అమ్మకి 62 ఏళ్ళు. పెళ్ళి కాకముందు నుంచీ అడ్డపొగ తాగేది, అంటే చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని తాగడం. బయట ఊళ్ళ వాళ్ళకి వింతగా ఉంటుంది గానీ మా తీరం ఊళ్ళలో మా అమ్మమ్మలు, మేనత్తలు అందరూ అలాగే తాగారు, గాలికి చుట్ట ఆరిపోకుండా, బూడిద రాలకుండా పని చేసుకోవచ్చని. దీని వల్ల అంగిట్లో క్యాన్సర్ వస్తుందని 1957లోనే మన డాక్టర్లు రాశారు, 1971లో మన ఆంధ్రాలో 10,169 మంది పల్లెటూరి జనాల అంగిళ్ళు పరీక్ష చేసి పెద్ద స్టడీ కూడా వేశారు. అన్నేళ్ళ కిందటే తెలిసిన జబ్బు మా అమ్మ దాకా వచ్చింది. సరే, ఆ బాధ వేరు.

ఆపరేషన్ అయ్యాక వైజాగ్‌లో ఒక ఆస్పత్రిలో 33 సిట్టింగులు కరెంట్ పెట్టారు, వారానికి ఐదు రోజులు. మూడో వారానికి నోరంతా పుండు. "ముద్ద దిగట్నేదే అమ్మా" అని ఏడ్చేది, చోడంబలి, అంటే రాగి జావ, కూడా పలచగా చేసి స్పూన్‌తో పోసేదాన్ని. సరిగ్గా అప్పుడే మా తమ్ముడు నాకు చెప్పకుండా రెండు డబ్బాలు కొన్నాడు. ఒక్కోటి 100 గ్రాములు, 1,900 రూపాయలు. పక్క ఊరి అబ్బాయే అమ్మాడు, ఏదో కంపెనీకి డిస్ట్రిబ్యూటర్ అంట. "కరెంట్ లోపల్నుంచి కాల్చేస్తాదంట అక్కా, ఈ పొడి తింటే గ్రంథులకీ లివర్‌కీ కిడ్నీలకీ ఏటీ అవదంట, డాక్టర్లు ఈ మాట చెప్పరంట" అన్నాడు తర్వాత నాతో.

వాడిని తిట్టలేకపోయాను. డాక్టర్లు చెప్పరు అన్న మాట అబద్ధం కాదు కదా.

అమ్మ నాకు కూడా చెప్పకుండా పది రోజులు తాగింది ఆ పొడి. గరుకుగా పుండు మీద పడి ఎంత మండేదో తర్వాత చెప్పింది. నాకు డబ్బా దొరికాక మూత తీసి చూశాను, గోధుమ రంగు పొడి, అడుగున గడ్డలు కట్టింది, వాసన చూడగానే నాకు తెలిసిపోయింది, నా షెడ్డులో కవరు పాడై ఆకుపచ్చ బూజు పట్టినప్పుడు వచ్చే వాసనే అది. తెల్లకణాలు పడిపోయి ఉన్న మనిషికి, నోరంతా పుండున్న మనిషికి, బూజు పట్టిన పొడి! ఇంకో లెక్క కూడా చెప్తాను, పెంచేదాన్ని కాబట్టి. పచ్చి పుట్టగొడుగులో పదింట తొమ్మిది పాళ్ళు నీళ్ళే. పది కిలోలు ఎండబెడితే ఒక కిలో పొడి అవుతుంది. నేను పచ్చివి కిలో 200కి అమ్ముతాను, అంటే కిలో పొడికి సరుకు 2,000 అవుతుంది. వాళ్ళు ఆ కిలోని 19,000కి అమ్ముతున్నారు.

మర్నాడు డాక్టరు గారిని అడిగాను, సార్ ఇలాంటి పొడి వాడొచ్చా అని. ఏమీ వాడకండి అన్నారు, తర్వాతి పేషెంట్‌ని పిలిచారు. ఎందుకు వాడకూడదో ఒక్క నిమిషం చెప్పి ఉంటే ఆ నిమిషం మా వరండాలో ఉన్న నలభై మందికి చేరేది. అదే వరండాలో ఇంకో పెద్దాయన ఉండేవాడు, చీపురుపల్లి వైపు ఆయన. పొడి ఉంది కదా, కరెంట్ బాధ ఎందుకు అని 19 సిట్టింగులకే మానేసి ఇంటికి వెళ్ళిపోయాడు. నాలుగు నెలలకి మెడ మీద గడ్డతో మళ్ళీ వచ్చాడు, అప్పటికి చేసేది ఏమీ లేదన్నారు.

ఇక అసలు విషయం. ఆ పొడి అమ్మేవాళ్ళు చెప్పేది మొత్తం కట్టుకథ అయితే నాకు పని తేలిక అయ్యేది. కాదు. మా అక్క కూతురు ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ, దాన్ని కూర్చోబెట్టి పేపర్లు చదివించుకున్నాను, అర్థమైనంత రాస్తున్నాను.

రేడియేషన్ ఒంట్లోకి వెళ్తే ఎక్కువ దెబ్బ నేరుగా తగలదు, కణాల్లో ఉన్న నీళ్ళని చీల్చి హైడ్రాక్సిల్ రాడికల్ అనేదాన్ని పుట్టిస్తుంది, అది పోయి పక్కనున్న డీఎన్ఏని తెంపుతుంది. ఎప్పుడూ కొత్తగా పుడుతుండే కణాలు, అంటే పేగు లోపలి పొర, ఎముక మూలుగ, నోటి పొర, ఇవి ముందు దెబ్బతింటాయి. లాలాజల గ్రంథులు అలా గబగబా పుట్టే రకం కాకపోయినా రేడియేషన్‌కి చాలా సున్నితం. పుట్టగొడుగుల్లో ఎర్గోథయోనీన్ అని ఒక పదార్థం ఉంది, 1909లో ఒక ఫ్రెంచ్ ఆయన కనిపెట్టాడు, మన ఒళ్ళు దాన్ని తయారు చేసుకోలేదు, తిండిలోనే రావాలి, తిండిలో అన్నిటికన్నా ఎక్కువ ఉండేది పుట్టగొడుగుల్లోనే. నేను పెంచే ఆయిస్టర్‌లో మామూలు బటన్ కన్నా ఎక్కువ, వండినా పెద్దగా పోదు. దాన్ని కణం లోపలికి లాక్కోడానికే మనిషి ఒంట్లో ఒక ద్వారం లాంటి ప్రోటీన్ ఉందని 2005లో జర్మనీ వాళ్ళు తేల్చారు. ఒళ్ళు దానికోసం తలుపు పెట్టుకుందంటే ఏదో అవసరం ఉండబట్టే కదా. అది రాడికల్స్‌ని పట్టుకునే రకం. ఇంకొకటి బీటా గ్లూకాన్, పుట్టగొడుగు గోడల్లో ఉండే పీచు లాంటిది, రోగనిరోధక కణాల్ని లేపుతుంది, దెబ్బతిన్న మూలుగ తొందరగా కోలుకునేలాగ చేస్తుందని ఎలకల్లో చూశారు. మూడోది మెలనిన్, నల్ల రంగు. చెర్నోబిల్ పేలిన రియాక్టర్ గోడల మీద కూడా నల్ల బూజు పెరుగుతుండటం చూసి న్యూయార్క్‌లో సైంటిస్టులు 2007లో దాని సంగతి రాశారు. 2012లో చెవి ఆకారంలో ఉండే నల్ల పుట్టగొడుగుల్ని ఎలకలకి తినిపించి, తర్వాత ఒళ్ళంతా 9 గ్రే (గ్రే అంటే రేడియేషన్ మోతాదుకి కొలత) రేడియేషన్ ఇస్తే, తినని ఎలకలు రెండు వారాల్లోపే చచ్చిపోయాయి, తిన్నవాటిలో ఎక్కువ బతికాయి. మన దేశంలో కూడా, కేరళ త్రిస్సూర్‌లో అమల క్యాన్సర్ రీసెర్చ్ సెంటర్ వాళ్ళు దక్షిణ భారతంలో దొరికే గానోడెర్మా, అదే రీషీ అంటారు చూడండి, దాని పాలిసాకరైడ్లు, అంటే బీటా గ్లూకాన్ లాంటి పదార్థాలు, రేడియేషన్ దెబ్బ నుంచి కాపాడుతున్నాయని 2008లో చూపించారు.

ఇదంతా చదివినప్పుడు నాకు ఒళ్ళు పులకరించింది, నిజం చెప్తున్నాను. నా షెడ్డులో వేలాడే గడ్డి కవర్లలో ఇంత ఉందా అనిపించింది.

కానీ ఎలక మా అమ్మ కాదు. ఎలకకి ఒళ్ళంతటికీ ఒక్కసారే ఇచ్చి ముప్పై రోజులు బతికిందా లేదా చూస్తారు, మా అమ్మకి ఏడు వారాలు, రోజుకి 2 గ్రే చొప్పున, అంగిలి మీదే గురి పెట్టి ఇచ్చారు. ఎలకలకి ఇచ్చింది చాలా చోట్ల శుద్ధి చేసిన పదార్థం, కొలిచిన మోతాదు, మా తమ్ముడు కొన్నది ఏ గడ్డి మీద పెరిగిందో తెలీని పొడి. అన్నిటికన్నా పెద్ద తేడా, ఆ ఎలకల ఒంట్లో క్యాన్సర్ లేదు. మనిషి ఒంట్లో మంచి కణాన్ని కాపాడే పొడి క్యాన్సర్ కణాన్ని కూడా కాపాడితే ఏంటి పరిస్థితి? ఇది నా ఊహ కాదు. కెనడాలో తల, మెడ క్యాన్సర్‌కి కరెంట్ పెట్టించుకునే 540 మంది మీద విటమిన్ ఇ, బీటా కెరోటిన్ పరీక్ష చేశారు, 2005లో ఫలితాలు వచ్చాయి. పుళ్ళు, బాధలు కొంచెం తగ్గాయి. కానీ జబ్బు తిరగబెట్టడం ఎక్కువయ్యేలాగ కనపడింది, అందులోనూ కరెంట్ జరుగుతున్నప్పుడు పొగ తాగుతూ ఉన్నవాళ్ళలో. అడ్డపొగ మానలేని మా అమ్మల సంగతి ఒక్కసారి ఆలోచించండి. అది విటమిన్ పరీక్ష, పుట్టగొడుగుది కాదు, కాబట్టి పుట్టగొడుగు కూడా అంతే అని నేను అనట్లేదు. తేలేదాకా కరెంట్ మధ్యలో డబ్బాలు డబ్బాలు తినిపించకూడదు అంటున్నాను.

జపాన్ సంగతి కూడా అమ్మేవాళ్ళు బాగా వాడతారు, జపాన్‌లో ప్రభుత్వమే ఒప్పుకుంది అంటారు. మన వైపు వానాకాలం మోడుల మీద విసనకర్రల్లాగ పుట్టే చిన్న తెల్ల పుట్టగొడుగు ఉంటుంది, ఆ జాతి నుంచి తీసిన సిజోఫిలాన్‌ని 1980ల్లో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కి రేడియేషన్‌తో పాటు ఇవ్వడానికి జపాన్‌లో ఒప్పుకున్న మాట నిజమే. అది డాక్టరు చేతి ఇంజెక్షన్, రోగనిరోధక శక్తి కోసం ఇచ్చింది, అవయవాలకి కవచంలాగ కాదు. అసలు రేడియేషన్ నుంచి కాపాడే మందు అని పేరున్నది అమిఫోస్టిన్, అమెరికా సైన్యం పరిశోధనలో పుట్టింది, నోరు ఎండిపోకుండా అని 1999లో అక్కడ అనుమతి ఇచ్చారు, దానికి కూడా వాంతులు, బీపీ పడిపోవడం ఉన్నాయి. అంత పరీక్ష దాటిన మందే అలా ఉంటే, ఏ పరీక్షా దాటని పొడికి ఏ ఇబ్బందీ లేదని డబ్బా మీద ఎలా రాస్తారు?

ఇప్పుడు మా జనానికి జరుగుతున్నది, మిమ్మల్ని అడుగుతున్నది వరసగా రాస్తాను.

1. మొదటి సిట్టింగ్ రోజునే తెలుగులో ఒక కాగితం ఇవ్వండి. ఏ పొడి, ఏ ఆకు రసం, ఏ విటమిన్ వాడుతున్నా మాకు చెప్పండి, తిట్టం అని అందులో మొదటి వాక్యం ఉండాలి. మావాళ్ళు దాచేది భయంతో. మా అమ్మ డాక్టరు ముందు నోరు తెరిచి చూపించింది గానీ పొడి మాట ఎత్తలేదు, పంపించేస్తారేమో అనుకుంది. కూరగా వండుకుని తినే పుట్టగొడుగుకీ, డబ్బాలో గాఢంగా చేసిన పొడికీ తేడా ఏంటో ఆ కాగితంలో రాయండి. వారానికి రెండు సార్లు బాగా ఉడికించిన పుట్టగొడుగు కూర తినొచ్చా, తెల్లకణాలు తగ్గినప్పుడు తినొచ్చా, ఇవి మమ్మల్ని రోజూ అడిగే ప్రశ్నలు. నా దగ్గరకి వచ్చి, అమ్మా మా ఆవిడకి కరెంట్ పెడుతున్నారు, రెండు కిలోలు ఇవ్వు అంటారు. కూరకి అయితే ఇస్తాను, మందుకి అయితే మీ డాక్టర్ని అడగండి అని పంపేస్తున్నాను. వాళ్ళు అడుగుతున్నారా, మీరు చెప్తున్నారా, నాకు తెలీదు. చదువు రానివాళ్ళ కోసం అదే విషయం ఆడియోగా ఆశా వర్కర్ల ఫోన్లలో వేయండి.

2. అవయవాల్ని నిజంగా కాపాడేవి ఏవో ముందు అవి చెప్పండి, అవి అందేలాగ చూడండి. ఇది నాకు గుండెలో ముల్లు. లాలాజల గ్రంథుల్ని తప్పించి గురి పెట్టే ఐఎంఆర్‌టీ పద్ధతి ఉందని మాకు అమ్మ ట్రీట్‌మెంట్ అయిపోయాక తెలిసింది. బ్రిటన్‌లో 2011లో వచ్చిన పరీక్షలో పాత పద్ధతిలో ఏడాది తర్వాత నూటికి 74 మందికి నోరు ఎండిపోయే బాధ ఉంటే, ఐఎంఆర్‌టీలో 38 మందికే ఉంది. సగానికి సగం! ఏ పొడీ ఈ మాట చెప్పలేదు. అలాగే కరెంట్‌కి ముందే పళ్ళ డాక్టరు దగ్గరకి పంపి పుచ్చిపోయిన పళ్ళు తీయించాలంట, తర్వాత తీస్తే దవడ ఎముక మానదంట. మా అమ్మని ఎవరూ పంపలేదు, ఇప్పుడు కింద పళ్ళు నాలుగు విరిగిపోయాయి, పీకడానికి ఏ పళ్ళ డాక్టరూ ధైర్యం చేయట్లేదు. ఉప్పు, వంట సోడా వేసిన నీళ్ళతో రోజుకి ఐదారు సార్లు పుక్కిలించమని కూడా వరండాలో పక్క పేషెంట్ కూతురు చెప్తేనే తెలిసింది. రూపాయి ఖర్చు లేని ఆ మాట మాకు ముందే తెలిసుంటే 3,800 పెట్టి పొడి కొనేవాళ్ళం కాదు. ఐఎంఆర్‌టీ ఎవరికి ఇస్తారు, ఆరోగ్య కార్డు మీద ఎవరికి వస్తుంది, ఎన్నాళ్ళు వెయిటింగ్, ఇవి గోడ మీద తెలుగులో రాసి పెట్టండి.

3. ఆ డబ్బాల మీద చర్య తీసుకోండి. క్యాన్సర్ నయమవుతుందని ప్రకటన ఇవ్వడం 1954 మ్యాజిక్ రెమెడీస్ చట్టం కిందే తప్పు, ఫుడ్ సప్లిమెంట్ లైసెన్సు మీద జబ్బు నయం చేస్తుందని రాయకూడదు. డబ్బా మీద రాయరు, తెలివిగా వాట్సాప్‌లో చెప్తారు, మీటింగ్ పెట్టి చెప్తారు. కాబట్టి డబ్బా మీద ఏమీ లేదమ్మా అని ఫైలు మూసేయకండి. శాంపిల్ తీసి ల్యాబ్‌కి పంపండి, బూజు ఉందా, కాడ్మియం లాంటి లోహాలు ఉన్నాయా చూడండి. పుట్టగొడుగు తను పెరిగే చోటు నుంచి మంచీ చెడూ రెండూ పీల్చుకుంటుంది, ఇది పెంచే ప్రతి ఒక్కరికీ తెలిసిన సంగతే. రీషీ పొడి వాడి లివర్ దెబ్బతిన్న కేసులు వైద్య పత్రికల్లో వచ్చాయి కూడా.

4. కిడ్నీ జబ్బులు ఎక్కువున్న ఉద్దానం వైపు ఇదే పొడిని కిడ్నీలకి కవచం అని తిప్పుతున్నారు. ఎండు పుట్టగొడుగులో పొటాషియం ఎక్కువ. డయాలసిస్ మీద ఉన్నవాళ్ళకి కొబ్బరినీళ్ళు కూడా వద్దని చెప్పేది పొటాషియం గురించే కదా. పలాస కిడ్నీ ఆస్పత్రికి వచ్చే వాళ్ళకి ఈ ఒక్క ముక్క చెప్పించండి చాలు.

5. కొవ్వాడ. మాకు కూతవేటు దూరం. 1208 మెగావాట్లవి ఆరు అణు రియాక్టర్లు పెడతామన్నారు, కడతారో లేదో, మంచిదో కాదో ఈ లేఖలో నేను మాట్లాడను. కానీ ఆ భయాన్ని కూడా అమ్ముకుంటున్నారు, రేపు రేడియేషన్ వస్తే ఈ పొడి తిన్నవాళ్ళే మిగులుతారు అని మా ఊరి అరుగు మీద కూర్చుని చెప్పాడు ఒకతను, పిల్లల తల్లులు కొన్నారు. దయచేసి ఎవరో ఒకరు వచ్చి నిజం చెప్పండి. ప్రమాదం జరిగితే ఇచ్చేది పొటాషియం అయోడైడ్ మాత్ర, అది కూడా రేడియో అయోడిన్ నుంచి థైరాయిడ్ ఒక్కదాన్నే కాపాడుతుంది, 1986 చెర్నోబిల్ అప్పుడు పోలండ్‌లో కోటి మందికి పైగా పిల్లలకి అయోడైడ్ ఇచ్చారు. పుట్టగొడుగుల విషయం అయితే దానికి తిరగబడి ఉంది, అడవి పుట్టగొడుగులు నేలలో పడిన సీజియం 137 అనే రేడియేషన్ పదార్థాన్ని పీల్చి దాచుకుంటాయి, అది సగానికి తగ్గడానికే 30 ఏళ్ళు పడుతుంది, అందుకే జర్మనీ బవేరియా అడవుల్లో పుట్టగొడుగుల్నీ, వాటిని తినే అడవి పందుల్నీ ఇప్పటికీ మీటరు పెట్టి కొలుస్తున్నారు. రేడియేషన్ పడిన చోట ముందు మానాల్సిన తిండిని మందు అని అమ్ముతున్నారు మా పిల్లలకి. తొలకరికి పుట్టల మీద లేచిన కొక్కులు సంతకొస్తే ఎగబడి కొనుక్కునే జనం మేము. మా ఇసకలో రేడియేషన్ ఉండే థోరియం కలిసిన మోనజైట్ అనే ఖనిజం ఉందని అందరికీ తెలిసిందే, కాబట్టి మా నేల, మా నీళ్ళు, మా పుట్టగొడుగుల్లో ఇప్పుడు ఎంత ఉందో ఇప్పుడే కొలిచి రాసి పెట్టండి, రేపు పోల్చుకోడానికి ఒక లెక్క ఉంటుంది.

6. పరిశోధన ఇక్కడ చేయండి. ఇది నేను కోపంతో అడగట్లేదు, ఆశతో అడుగుతున్నాను. ఎలకల్లో ఇంత కనపడ్డాక మనుషుల్లో చూడకుండా వదిలేయడం కూడా అన్యాయమే. అంగిలి క్యాన్సర్లు మా దగ్గర ఉన్నాయి, నైరలో వ్యవసాయ కాలేజీ ఉంది, ఆముదాలవలసలో కృషి విజ్ఞాన కేంద్రం ఉంది, వైజాగ్‌లో పెద్ద క్యాన్సర్ ఆస్పత్రి, యూనివర్సిటీ ఉన్నాయి, ఢిల్లీలో రేడియేషన్ మందుల మీదే పనిచేసే డీఆర్‌డీఓ సంస్థ ఇన్మాస్ ఉంది. నలుగురూ ఒక చోట కూర్చుంటే, కరెంట్ అయిపోయాక, మధ్యలో కాదు, అయిపోయాక, కొలిచిన మోతాదులో ఇస్తే నోటి పొర, లాలాజలం, తెల్లకణాలు తొందరగా కోలుకుంటాయా అని ఒక పద్ధతైన ట్రయల్ పెట్టొచ్చు కదా. 2009 నుంచి మన దేశంలో ట్రయల్ ఏదైనా ముందే రిజిస్టర్ చేయాలి కాబట్టి అందరికీ కనపడుతుంది, ఫలితం వచ్చినా రాకపోయినా తెలుస్తుంది. రాకపోతే రాలేదని చెప్పండి, మేము తట్టుకుంటాం. పేషెంట్లకి డబ్బు అడక్కుండా, తెలుగులో సంతకం పెట్టించుకుని, ఎప్పుడైనా మానేయొచ్చని చెప్పి చేయాలి. మా మీద ప్రయోగాలు చేస్తున్నారు అని ఎవరూ అనరు అలా చేస్తే. ఇప్పుడు జరుగుతున్నదే అసలు ప్రయోగం, డాక్టరు లేకుండా, లెక్క లేకుండా, డబ్బులు మేమే ఇచ్చి.

7. సగంలో కరెంట్ మానేసిన వాళ్ళకి రెండో రోజే ఫోన్ చేసే మనిషి ఒకరు ఉండాలి. చీపురుపల్లి పెద్దాయనకి ఒక్క ఫోన్ వచ్చి ఉంటే తిరిగి వచ్చేవాడు, బస్సు చార్జీలకి కూడా ఇబ్బంది పడే మనిషి, నాతో స్వయంగా అన్నాడు, రమ్మంటే వస్తాను తల్లీ, ఎవరూ రమ్మనలేదు అని.

ఇవీ నేను అడిగేవి. మీలో ఎవరినీ తప్పు పట్టాలని కాదు, మీరు మౌనంగా ఉన్న చోటల్లా డబ్బా పట్టుకుని ఎవడో ఒకడు మాట్లాడుతున్నాడు. వాడు ఎంత ఓపిగ్గా చెప్తాడో తెలుసా, గంటసేపు మా తమ్ముడి పక్కన కూర్చున్నాడంట, అమ్మ పేరు అడిగాడు, ఏం తింటోందో అడిగాడు. మా వాడు కొన్నది ఆ గంటకి.

అమ్మ ఇప్పుడు బాగానే ఉంది, జబ్బు అయితే లేదన్నారు మొన్న చెకప్‌లో. తలగడ పక్కన చెంబు పెట్టుకుని పడుకుంటుంది, రాత్రి ఐదారు సార్లు లేచి నోరు తడుపుకుంటుంది, ముద్ద ముద్దకీ గుక్క నీళ్ళు తాగితే గానీ దిగదు. పొద్దున్న నాతో పాటు షెడ్డుకి వచ్చి కవర్ల మీద నీళ్ళు చల్లుతుంది, ఆ తడి గాలి నోటికి హాయిగా ఉంటుందంట.

ట్రయల్ ఎవరైనా మొదలుపెడితే ఒక సంవత్సరం సరిపడా ఆయిస్టర్ పుట్టగొడుగులు నేను ఉచితంగా ఇస్తాను, ఏ గడ్డి, ఏ నీళ్ళు, ఏ విత్తనం వాడానో నోట్‌బుక్‌లో తేదీలతో రాసి ఇస్తాను. ఆ రెండు డబ్బాలు, ఒక దాంట్లో ఇంకా సగం పొడి ఉంది, బిల్లు, అమ్మేవాళ్ళు తమ్ముడికి పంపిన వాట్సాప్ మెసేజ్‌లు అన్నీ ఒక సంచిలో కట్టి పెట్టాను. ఏ అధికారి అడిగినా ఆ రోజే తెచ్చి ఇస్తాను. వచ్చే నెల మొదటి సోమవారం అదే సంచి పట్టుకుని మూడోసారి అర్జీకి వస్తున్నాను, నాతో పాటు వరండాలో పరిచయమైన ఇంకో ఆరు కుటుంబాల వాళ్ళు కూడా వస్తామన్నారు.

ఇట్లు,
రణస్థలం మండలం నుంచి ఒక పుట్టగొడుగుల రైతు